నల్ల అట్ట నవల చదివినవాళ్ళు ఇటు రండి (చదవనివాళ్ళు రావద్దు, కథంతా బయటపడుతుంది)

ఆరో సెక్టారు | మే 3, రాత్రి 10:12

నిన్న రాత్రి రెండున్నరకి పూర్తి చేశాను. పొద్దున్న బ్యాంకులో ఒక పెద్దాయన పాసుబుక్కు చేతికిస్తే తారీఖు రాయాల్సిన చోట 212 అని రాశాను. ఆ పుస్తకం ఆఖరి పేజీ నంబరది. ఇక ఒక్కదాన్నే మోయలేక ఇక్కడికొచ్చాను.

ముందే ఒక మాట. పుస్తకం పేరు, రాసినమ్మాయి పేరు ఎవరూ రాయకండి. ఇరవై మూడేళ్ళ పిల్ల, మొదటి పుస్తకం. రేపు తన పేరు తనే వెతుక్కుంటే మొదట మన తిట్లే కనబడటం నాకిష్టం లేదు. నల్ల అట్ట అంటే చాలు, మన ఊళ్ళో పుస్తకాలు చదివేవాళ్ళకి తెలుస్తుంది.

చదివి మరిచిపోయినవాళ్ళ కోసం కథ: విశాఖ వన్‌టౌన్‌లో కోటవీధి దగ్గర ఇల్లు. నాన్న సముద్రంలో ఇసుక తోడే డ్రెడ్జర్ మీద పనిచేస్తాడు. అమ్మ, అన్న, చెల్లి, వీళ్ళతోపాటే ఉండే అమ్మమ్మ. 2022 నవంబరులో ఒక రాత్రి అన్న ఆర్కే బీచ్‌కి వెళ్ళి తిరిగి రాడు. నాలుగో రోజు భీమిలిలో, గోస్తని సముద్రంలో కలిసేచోట శవం దొరుకుతుంది. మూడేళ్ళ తరవాత ఆ చెల్లి, పోయిన అన్నతోనే మాట్లాడుతున్నట్టు మనకి కథ చెబుతుంది. 'నువ్వు' 'నువ్వు' అంటూ పుస్తకం మొత్తం.

నన్ను పట్టుకున్నది హత్య కాదు. ఆ అమ్మ రాత్రిళ్ళు ఫ్యాను ఆపేసి పడుకుంటుంది చూడండి, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడాలని. ఈ ఊళ్ళో, ఈ ఉక్కలో, ఫ్యాను లేకుండా! కొడుకు వస్తాడని ఇంకా ఎదురుచూస్తోంది పాపం అనుకుని అక్కడే ఏడ్చేశాను.

నచ్చనిది కూడా చెబుతాను. చివరి ముప్పై పేజీలు పరుగు. ఎవరు చేశారో తేల్చకుండా వదిలేసింది. తేల్చకపోవడం వేరు, తేల్చడం చేతకాకపోవడం వేరు. ఇది ఏదో నాకు తెలియట్లేదు.

పాతపోస్టాఫీసు | మే 3, రాత్రి 10:50

నా వయసు 68. బడిపంతులమ్మగా చేసి దిగిపోయాను. మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, రోజుకి పావలా. వారపత్రికల్లో సస్పెన్స్ సీరియళ్ళు చింపి, దారంతో కుట్టి దాచుకున్న తరం మాది. కాబట్టి భయపెట్టే కథలంటే నాకు చిన్నచూపు లేదు, ముందది తెలుసుకోండి.

వారం వారం రాసేవాళ్ళకి చివర్లో ఒక కొక్కెం తప్పదు. లేకపోతే వచ్చేవారం పత్రిక కొనేదెవరు? ఒకేసారి అచ్చేసిన నవలకి ఆ అవసరమేముంది? మొత్తం 31 అధ్యాయాలు. లెక్కపెట్టాను, 19 అధ్యాయాల చివర ఎవరో తలుపు కొడతారు, లేదా ఫోన్ మోగుతుంది, లేదా కరెంటు పోతుంది. పన్నెండోసారి కరెంటు పోయేసరికి నాకు భయం పోయి ఆ శాఖ మీద కోపం వచ్చింది.

ఇంకోటి, చీకటి. బెల్టుతో కొట్టే అధ్యాయం చదివి మూడు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. ఇరవై మూడేళ్ళకి ఇంత క్రూరం ఎందుకమ్మా రాయడం? ఒక్క మంచి మనిషి లేడు కథలో.

మాడుగుల హల్వా | మే 3, రాత్రి 11:04

ఉన్నాడు కదా మేడమ్. వాడే చచ్చిపోయాడు.

పాతపోస్టాఫీసు | మే 3, రాత్రి 11:06

నువ్వు నా క్లాసులో ఉండుంటే బయట నిలబెట్టేదాన్ని. కానీ మాట బాగుంది.

మాడుగుల హల్వా | మే 3, రాత్రి 11:21

సీరియస్‌గా చెప్తున్నా మేడమ్. 'ఇరవై మూడేళ్ళకి ఇంత చీకటా' అని అందరూ అంటున్నారు. నాకు ఇరవై ఒకటి. మా హాస్టల్లో ఆ పుస్తకం ఒకే కాపీ, పదకొండు మంది చదివాం. బెల్టు అధ్యాయం దగ్గర ఎవడూ ఆగలేదు. ఇద్దరు మాత్రం పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఏమీ మాట్లాడలేదు. ఎందుకని మేమూ అడగలేదు.

నా ఫిర్యాదు వేరే. అన్న ఆర్కే బీచ్‌లో కూర్చుని భేల్‌పూరీ తింటాడు. భేల్‌పూరీ ఏంటి అసలు! మన బీచ్‌లో మురీ మిక్చర్ కదా. అక్కడే నమ్మకం పోయింది నాకు. పుణేలో చదువుకుందంట, ఆ ప్రభావం.

సి-షిఫ్టు | మే 4, ఉదయం 6:40

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. ఉక్కు కర్మాగారంలో పని నాది, విరామంలో ఫోన్ వెలుగులో చదివానీ పుస్తకం. ఎవరైనా అలా చదవాలనుకుంటే వద్దని చెబుతాను. కన్వేయర్ పక్కన పిల్లి దూకితే నా కేక అవతలి షెడ్డుకి వినబడింది.

నాకు మొదటి అధ్యాయం అన్నిటికంటే బాగుంది. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళు కిరండూల్ పాసింజరులో బొర్రా వెళ్తారు, సొరంగాలు లెక్కపెడుతూ. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ చేసిన పనే అది. లైను మొత్తం మీద 58 సొరంగాలంటారు. బొర్రా దాకా అన్నీ రావు. అన్న చెప్పిన లెక్క, చెల్లి చెప్పిన లెక్క కలవక దెబ్బలాడుకుంటారు. అంత మామూలు దెబ్బలాటలో కూడా గుండె గుబగుబలాడేలా రాసిందంటే చెయ్యి తిరిగినట్టే.

నల్లకోటు | మే 4, ఉదయం 9:15

వకీలుని. కోర్టుకి వెళ్ళే దారిలో రాస్తున్నాను, పొడుగ్గా రాయలేను.

కథ 2022 నవంబరు. పోలీస్ స్టేషన్‌లో ఎస్సై 'ఇది హత్యయితే బీఎన్ఎస్ 103 పెట్టాలి' అంటాడు. భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిందే 2024 జులై 1న. అప్పటిదాకా హత్యంటే ఐపీసీ 302, చంటిపిల్లాడికైనా తెలుసు. అనుమానాస్పద మృతికి సీఆర్పీసీ 174, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 194. రెండేళ్ళ ముందు కథలోకి రెండేళ్ళ తరవాతి సెక్షను ఎలా వచ్చింది? శవ పంచనామాకి పంచాయతీదార్లు లేరు, పెద్దమనుషుల సంతకాలు లేవు.

రావిశాస్త్రి గారు వకీలు పని చేసి కథలు రాసిన ఊరండీ ఇది. ఇక్కడ కోర్టు ముక్క తప్పు రాస్తే మాకు అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

ఆరో సెక్టారు | మే 4, ఉదయం 9:31

ఒక్క రాయి ఏరి పక్కన పెట్టి మిగతా అన్నం తినొచ్చు కదా సార్.

రేవుగాలి | మే 4, మధ్యాహ్నం 1:20

నాకు పుస్తకాలు సదివే అలవాటు లేదు. ఏట నిషేదం కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు కదలదు. గట్టు మీద కూకుని ఏటి సేస్తాం, వల బాగుసేసుకోవడం, పేకాట. మా మేనకోడలు ఈ పుస్తకం సేతిల పెట్టింది. మెల్లగ సదివినాను.

అందరూ బయం బయం అంతన్నారు. నాకు బయం కాదు, కోపం వొచ్చింది. నవంబర్ల ఆర్కే బీచ్ కాడ నీళ్ళల పడినోడు భీమిలిల ఎలగ తేల్తాడండి? దీపావళి ఎల్లాక నీరు దచ్చినం లాగుతాది. ఆ రోజుల్ల ఎవులన్నా పోతే మావోళ్ళు గంగవరం అవతల, ముత్యాలమ్మపాలెం, పూడిమడక అటే ఎతుకుతారు. భీమిలి ఉత్తరం. నీటికి ఎదురీదుకోని ఎల్లినాడా సచ్చినోడు?

మా నాన్న నలబై ఏళ్ళు తెప్ప మీద ఎల్లినోడు. ఆయన్ని అడిగినాను. నవ్వి ఊరుకున్నాడు.

ఊరి పిల్లే రాసింది అంతన్నారు. సముద్రం కాడికి ఎల్లి ఒక్క ముసలోణ్ణి అడిగితే సెప్తాడు గదా.

సి-షిఫ్టు | మే 4, సాయంత్రం 4:05

రేవుగాలి అన్నా, మీరు సముద్రం మీద బతికినవాళ్ళు, మీతో వాదించేంత ఇది నాకు లేదు. కానీ ఒక్క సందేహం. ఇసుక ఉత్తరానికే పోతుంది కదా? ఔటర్ హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక అక్కడే ఆగిపోయి, ఆర్కే బీచ్ కోసుకుపోతోందని, పోర్టువాళ్ళు డ్రెడ్జర్‌తో తోడి ఇటు పోస్తున్నారని ఏళ్ళుగా పేపర్లో చదువుతున్నాం. నవల్లో నాన్న కూడా అదే అంటాడు. 58వ పేజీ, ఎస్సైతో: 'పదహారేళ్ళుగా ఇసుక తోడుతున్నాను సార్. ఇక్కడ పడింది ఏదైనా ఉత్తరానికే పోతుంది.'

రేవుగాలి | మే 4, సాయంత్రం 4:30

ఇసక ఏరు, మడిసి ఏరు.

ఏయూ గేటు | మే 4, రాత్రి 8:48

ఈ ఒక్క వాక్యంలో మా సబ్జెక్టు సగం ఉంది. నేను విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మామూలుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ ఆగలేకపోయాను.

రేవుగాలి గారి నాన్నగారి మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి నడుస్తుంది, మార్చి ఏప్రిల్‌లో బాగా జోరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలుల కాలంలో తిరగబడి దక్షిణానికి. తేలే వస్తువు ఏదైనా నవంబరులో దక్షిణానికే కొట్టుకుపోవాలి. ఏదో ఒకరోజు గాలివాటానికి అటూ ఇటూ అయితే అవచ్చు గాని, భీమిలి దాదాపు పాతిక కిలోమీటర్లు.

ఇసుకని తోసేది ప్రవాహం కాదు, ఒడ్డుని ఏటవాలుగా కొట్టే అలలు. నైరుతి రుతుపవనాల అలలు బలమైనవి, అవి ఇసుకని ఉత్తరానికి నెడతాయి. ఈశాన్యం రోజుల్లో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం కూడితే మిగిలేది ఉత్తరం లెక్కే. కాబట్టి సి-షిఫ్టు గారూ తప్పు చెప్పలేదు. నాన్న ఎస్సైకి చెప్పింది ఇసుక విషయంలో నిజం. శవం విషయంలో అబద్ధం.

మాడుగుల హల్వా | మే 4, రాత్రి 8:55

ఆగండాగండాగండి.

నాన్నకి తెలియదా తేడా? పదహారేళ్ళు డ్రెడ్జర్ మీద ఉన్న మనిషికి?

ఆరో సెక్టారు | మే 4, రాత్రి 9:02

ఒళ్ళు జలదరించింది. ఇది రచయిత్రి తప్పు కాదేమో. నాన్న అబద్ధమేమో.

నల్లకోటు | మే 4, రాత్రి 9:40

ఇదిగో, ఇది జరుగుతుందని తెలుసు. కథ చెప్పే పాత్రని నమ్మలేం అనే సౌకర్యం ఒకటి దొరికాక ఇక ఏ తప్పుకైనా ముక్తి దొరికినట్టే. నీరు తప్పు దిక్కున పోయిందా, నాన్న అబద్ధం. సెక్షను తప్పా, ఎస్సై అబద్ధం. అచ్చుతప్పా, కంపోజిటరు కూడా హంతకుడే. (అచ్చుతప్పులు బోలెడున్నాయి, 'శవం' అని రాయాల్సిన చోట ఒకసారి 'శివం' అని పడింది.)

నా కక్షిదారులందరూ ఇలాగే వాదిస్తారు. నేనూ వాళ్ళ తరఫున ఇలాగే వాదిస్తాను, అది వేరే సంగతి.

మాడుగుల హల్వా | మే 4, రాత్రి 9:52

కానీ సార్, ఆ పిల్ల కథ చెబుతున్నది మూడేళ్ళ తరవాత, అంటే 2025లో. అప్పటికి బీఎన్ఎస్ వచ్చేసింది. ఎస్సై అప్పుడు ఏ సెక్షను అన్నాడో తనకి గుర్తులేక ఇప్పటిది చెప్పిందేమో.

నల్లకోటు | మే 4, రాత్రి 9:55

చూశారా.

పాతపోస్టాఫీసు | మే 5, ఉదయం 7:10

రాత్రంతా దీనిమీదే ఉన్నాను. తలనొప్పి తెచ్చారు.

వకీలు గారి మాటలో బలముంది. ఆయన మాట ఒప్పుకుంటూనే ఒక పద్ధతి చెబుతాను. పిల్లల జవాబుపత్రాలు ముప్పై మూడేళ్ళు దిద్దినదాన్ని. పొరపాటున రాసిన తప్పు ఒక్కచోటే ఉంటుంది. కాపీ కొట్టినవాడి తప్పు మాత్రం ఇంకో పేజీలో కూడా తొంగిచూస్తుంది, ఎందుకంటే వాడు దాన్ని అతికించడానికి ఏదో ఒకటి చేసి ఉంటాడు. కావాలని పెట్టిన తప్పూ అంతే. బీఎన్ఎస్ ముక్క ఇంకెక్కడా కనబడదు. అది పిల్ల తెలియక రాసింది, అంతే, నేను సమర్థించను. నీటి దిక్కు సంగతి పుస్తకంలో ఇంకెక్కడైనా ఉందా, అదీ చూడాల్సింది.

నా కాపీ ద్వారకానగర్ లైబ్రరీకి ఇచ్చేశాను, అదీ నా ఖర్మ. అమ్మమ్మ ఏదో అంటుంది నీటి గురించి, నలభయ్యో పేజీ ప్రాంతంలో. ఎవరైనా ఫోటో తీసి పెట్టండి.

కాపలాదారు | మే 5, ఉదయం 8:00

పేజీల ఫోటోలు పెట్టడానికి వీల్లేదు, నియమం అందరికీ తెలుసు. కావాల్సిన ఒక్క వాక్యం టైపు చేసుకోండి. అలాగే మురీ మిక్చర్ మీద వేరే చర్చ మొదలుపెట్టిన ఆరుగురికి: అది ఇక్కడ కాదు, తిండి విభాగంలో.

సి-షిఫ్టు | మే 5, ఉదయం 8:26

దొరికింది. 41వ పేజీ. అన్న పోవడానికి ముందు, పక్కింటివాళ్ళ మేక తప్పిపోయిన సందర్భంలో. అమ్మమ్మ పెదజాలరిపేట మనిషి కదా. 'దీపావళి ఎల్లాక నీరు దచ్చినం తిరుగుతాది. అటు పోయినోళ్ళని ఇటు ఎతకొద్దు' అంటుంది. అందరూ నవ్వుతారు, మేక గురించి సముద్రం లెక్క చెబుతోందని. నేనూ నవ్వి పేజీ తిప్పేశాను.

రేవుగాలి | మే 5, ఉదయం 8:41

ఓర్నాయనో.

ఆ గుంటకి తెలుసు. నీరు ఎటు పోతాదో ఆ గుంటకి తెలుసు. నేను అన్న మాట ఎనక్కి తీసుకుంతన్నాను.

నిద్రలేని హౌస్‌సర్జన్ | మే 5, ఉదయం 11:30

డ్యూటీ మధ్యలో, రెండు ముక్కలు. పోస్టుమార్టం దగ్గర డాక్టరు 'తొడ ఎముక కూడా పంపండి' అంటాడు, గుర్తుందా? అదేదో భయంకరంగా ఉండాలని రాసింది అనుకున్నారు చాలామంది. కాదు. అది డయాటమ్ పరీక్ష కోసం. నీళ్ళలో కంటికి కనబడని నాచు కణాలుంటాయి. ప్రాణం ఉండగా మునిగితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, రక్తంతోపాటు ఆ కణాలు ఎముకల మూలుగ దాకా చేరతాయి. గుండె ఆగిపోయాక నీళ్ళలో పడేస్తే అంతదూరం చేరవు. ఇంకో విషయం, సముద్రపు నీటిలో ఉండే రకాలు వేరు, నదిలోవి వేరు.

ఈ పరీక్షే అన్నీ తేల్చేస్తుందని కాదు, దానిమీద మా వాళ్ళలోనే వాదాలున్నాయి. కానీ నవల్లో ఆ రిపోర్టు చివరిదాకా రాదు. ల్యాబుకి వెళ్ళింది అన్న మాటతో సరి. మొదటిసారి చదివినప్పుడు రచయిత్రి మరిచిపోయిందనుకున్నాను.

మాడుగుల హల్వా | మే 5, ఉదయం 11:38

సముద్రం నీళ్ళా, నది నీళ్ళా. నది. భీమిలిలో దొరికింది గోస్తని మొగలో.

మొదటి అధ్యాయం చూడండి. బొర్రా గుహల్లో అన్న చెల్లికి ఏం చెప్తాడు? 'ఈ కింద పారేది గోస్తని. ఇక్కడ కాగితం పడవ వదిలితే భీమిలిలో తేల్తుంది.'

అన్న శవం సముద్రంలోంచి రాలేదు. నదిలోంచి వచ్చింది.

పద్మనాభం మెట్లు | మే 5, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, ఉత్సాహం బాగుంది, కానీ మధ్యలో తాటిపూడి ఆనకట్ట ఉంది. విశాఖకి కొంత తాగునీరు అక్కణ్ణుంచే వస్తుంది, కాస్త ఆలోచించి మాట్లాడండి. బొర్రాలో వదిలిన కాగితం పడవైనా, ఇంకోటైనా ఆ జలాశయంలో ఆగాల్సిందే. భీమిలి దాకా రావాలంటే ఆనకట్ట దిగువన పడాలి.

దిగువన అంటే మా వైపు. మాది పద్మనాభం. ఇక్కడ చెప్పాల్సిన విషయం ఒకటుంది, మీరెవరూ ఎత్తలేదు గనక చెబుతున్నాను. ఆ రాత్రి నాన్న ఇంట్లో లేడు. 'కార్తీకం కదా, నాన్న దీపోత్సవానికి ఊరెళ్ళాడు' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది ఆ పిల్ల. ఏ ఊరో చెప్పదు. కార్తీకంలో మెట్టుమెట్టుకీ దీపాలు పెట్టే దీపోత్సవం అనంత పద్మనాభస్వామి కొండ మీద జరుగుతుంది. నేను ఏటా వెళ్తాను. కింద నుంచి చూస్తే కొండకి దీపాల నిచ్చెన వేసినట్టుంటుంది. మా ఊరి పక్కనే గోస్తని.

ఆ వాక్యం చదివి 'అరె మా ఊరు' అని సంబరపడ్డాను. ఇప్పుడు అదే తలుచుకుంటే తిన్నది అరగట్లేదు.

నల్లకోటు | మే 5, సాయంత్రం 5:50

కోర్టు అయింది. మొత్తం చదివాను. సరే.

వాంగ్మూలాలుగా చూస్తే: నీటి దిక్కుకి అమ్మమ్మ సాక్ష్యం, ఇసుక పేరుతో నాన్న తప్పుదారి, ఆ రాత్రి నాన్న ఎక్కడున్నాడో తెలిపే ఒక వాక్యం, రాని ల్యాబు రిపోర్టు. నాలుగూ పుస్తకంలోనే ఉన్నాయి, మనం బయటినుంచి తెచ్చినవి కావు. పంతులమ్మ గారి పద్ధతి ప్రకారం ఇది పొరపాటు కాదు. ఒప్పుకుంటున్నాను. (అయినా శవాన్ని నది మోసుకొచ్చిందనే అవసరం లేదు, ఆటో ట్రాలీ చాలు. అది నా వృత్తి బుద్ధి.)

సెక్షను మాత్రం తప్పే. ఆ విషయంలో రాజీ లేదు. రెండో ముద్రణ వస్తే మార్చుకోమని చెప్పండి.

కానీ ఒకటి అడుగుతాను. ఆ పిల్లకి ఇదంతా తెలుసు కదా. అమ్మమ్మ మాట తనే చెప్పింది, దీపోత్సవం తనే చెప్పింది. మరి పుస్తకం పొడుగునా 'నిన్ను సముద్రం తీసుకుపోయింది' అని అన్నతో ఎందుకంటుంది? చచ్చిపోయినవాడికి అబద్ధం చెప్పి ఏం లాభం?

పాతపోస్టాఫీసు | మే 5, సాయంత్రం 6:25

చచ్చిపోయినవాడికి కాదేమో. ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంటోంది కదా. ఆ నోటుబుక్కు ఎక్కడ దాస్తుందో గుర్తుందా ఎవరికైనా?

ఆరో సెక్టారు | మే 5, సాయంత్రం 6:33

దాచదు. డైనింగ్ టేబులు మీద పెడుతుంది. మూడుసార్లు రాసింది ఆ మాట. ఎవరు పడితే వాళ్ళు చూసే చోట పెట్టిందేంటి, తెలివితక్కువది అనుకున్నాను.

పాతపోస్టాఫీసు | మే 5, సాయంత్రం 6:40

నాన్న చదువుతాడని తెలుసమ్మా దానికి. అన్నతో చెబుతున్నట్టు నాన్నకి వినిపిస్తోంది. నాకేమీ తెలియదు నాన్నా, సముద్రమే తీసుకుపోయింది, నేను నమ్ముతున్నాను అని. చదివి ఊరుకునేవాడికి సముద్రం. మళ్ళీ చదివేవాడికి మేక.

ఒక్క మంచి మనిషి లేడన్నాను మొన్న. నాకు సిగ్గుగా ఉంది.

అయినా తలుపు చప్పుళ్ళు ఎక్కువే. ఆ ఫిర్యాదు అలాగే ఉంచండి.

ఆరో సెక్టారు | మే 5, రాత్రి 11:48

ఫ్యాను అధ్యాయం మళ్ళీ చదివాను ఇప్పుడే.

అమ్మ ఫ్యాను ఆపడం మొదలుపెట్టింది అన్న పోయాక కాదు. అంతకు ముందు నుంచే. 23వ పేజీలో ఉంది, అన్న బతికుండగానే. 'అమ్మకి ఫ్యాను గాలి పడదు' అని. పిల్లలిద్దరినీ గోడవైపు పడుకోబెట్టి తను తలుపు వైపు పడుకుంటుంది. ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు కొడుకుది కాదు.

నేను మొదటి రోజు ఏడ్చింది తప్పు కారణానికి.

సి-షిఫ్టు | మే 6, ఉదయం 6:35

మా ఆవిడకి ఇచ్చాను పుస్తకం. ఇవేమీ చెప్పలేదు. నలభై పేజీలు చదివి, 'ఈ ఇంట్లో ఆడవాళ్ళు ఎవరూ గట్టిగా మాట్లాడరేంటండీ' అంది. మనం ముగ్గురు నలుగురం మూడు రోజులు సముద్రాన్నీ నదినీ ఈదితే గాని రాని మాట.

రేవుగాలి | మే 6, రాత్రి 9:10

మా నాన్నకి సదువు రాదు. ఈ మూడు రోజులూ సాయంత్రం బోటు నీడన కూకుని నానే సదివి ఇనిపించినాను. మేక కాడ నవ్వలేదు. 'ఆ ముసల్ది మనోళ్ళ మడిసి' అన్నాడు. ఇసక మాట కాడ ఉమ్మేసినాడు.

ఇయ్యాల అయిపోయింది పుస్తకం. ఏటి నాన్నా, ఎలగుంది అన్నాను. శానాసేపు మాటాడలేదు. వల మీద సెయ్యి ఆడిస్తా కూకున్నాడు. నచ్చలేదేమో అనుకోని లేసిపోతంటే అప్పుడు అడిగినాడు.

'ఆ గుంట ఇంకా ఆ ఇంట్లనే ఉన్నాదా?'